చైన్‌కు తాలింపు

మా ఇంట్లో ఏ నూనె సీసా మూత తీసినా మా ఆవిడ ముందు వాసన చూస్తుంది. తాలింపుకు పనికొచ్చేదా, బండి దగ్గరికి వెళ్ళొచ్చిందా అని. ఆ అనుమానానికి మూలపురుషుణ్ణి నేనే. మోటారు సైకిల్ చైన్‌కు పూసే నూనెకు కూడా దుకాణంలో డబ్బులు పోయాలా, ఇంట్లో నూనెలకేం కరువు అన్నది నా సిద్ధాంతం.

మొదట కుట్టుమిషన్ నూనె మాయమైంది. మిషన్‌కు పనికొచ్చింది బండికి పనికిరాదా? పోయగానే చైన్ తళతళ మెరిసింది. కానీ అది మరీ పలచన. చక్రం తిరిగితే చైన్ మీద నిలవదు, మురికిని వెంటేసుకుని చిమ్ముతుంది. మన బండ్లలో చాలావాటికి చైన్ ఎడమవైపే ఉంటుంది. ఆడవాళ్ళు ఒకవైపుగా కూర్చుని కాళ్ళు పెట్టేదీ అటే. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రమైనా కప్పి ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉంది. మొగుడు పోసిన నూనె పడకుండా ఏం చేయాలో మాత్రం అందులో లేదు. బీదర్‌లో పెళ్ళికని బయల్దేరి మండపం ముందు దిగేసరికి ఆమె పట్టుచీర కుచ్చిళ్ళ నిండా నల్లటి చుక్కలు.

"మంచిగ పెట్టిన్రు ముగ్గు," అంది. మళ్ళీ ఇంటికొచ్చేదాకా ఇంకో మాట లేదు.

కొబ్బరి నూనె సంగతి పొడిగించను. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. మా ఊరు ఖేడ్‌లో చలికాలం తెల్లవారుజాము అంతకంటే చాలా కిందికి పోతుంది.

అసలు కథ కుసుమ నూనెది. మా వైపు కుసుమ పాత పంట. ముళ్ళ మొక్క కాబట్టి గొడ్లు జొన్నచేను జోలికి రాకుండా గట్ల వెంబడి కూడా వేసేవాళ్ళు. ఆ నూనె గుండెకు మంచిదని మా అమ్మ ఎక్కడెక్కడో తిరిగి గానుగ నూనె తెప్పించుకుంటుంది. గుండెకు మంచిదైతే చైన్‌కు చెడ్డదెట్లా అవుతుంది? కానీ కుసుమ నూనె గాలి తగిలితే ఆరిపోయి పొర కట్టే జాతి. అందుకే చిత్రకారులు రంగుల్లో కలుపుతారు. గుండెకు మేలని చెప్పుకునే లినోలిక్ ఆమ్లమే లింకులను పట్టేస్తుందని నాకెవరు చెప్పాలి? ఆ జిగురు మీద నల్లరేగడి దుమ్ము కూర్చుంది. బండి కదిలితే కిర్రు కిర్రుమని వీధిలో కుక్కలు లేచేవి. "దేవుని దీపంల పోద్దామంటే చుక్క నూనె లేదు కొడుకా," అని అమ్మ.

చివరికి మెకానిక్ దగ్గరికి పోక తప్పలేదు. అతను కింద కూర్చుని స్క్రూడ్రైవర్ కొనతో లింకు మీంచి ఇంత ముద్ద గీకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"క్యా సాబ్, చైన్ల భజియలు ఏసిన్రా?"

తర్వాత చైన్‌ను మధ్యలో వేలితో పైకెత్తి చూపించాడు. రెండున్నర, మూడు సెంటీమీటర్లు ఆడితే సరిపోయేది నా బండికి అరచేతి వెడల్పు ఊగుతోంది. నేనేమో ఇనుము సాగిందనుకున్నా. సాగదట. లింకుల లోపల పిన్నులు, బుష్‌లు అరిగిపోతాయి. ఒక్కో లింకు దగ్గర పదోవంతు మిల్లీమీటరు అరిగినా, వందకు పైగా లింకులకు కలిపి సెంటీమీటరు దాటుతుంది. పొడవైన చైన్ స్ప్రాకెట్ పళ్ళను కొరుక్కు తింటుంది. నా బండి వెనక స్ప్రాకెట్ పళ్ళన్నీ అప్పటికే ఒకవైపు వంగి కొక్కేలయ్యాయి. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ ఈ రోలర్ చైన్‌ను తయారుచేసినప్పుడు కుసుమ నూనె సంగతి ఊహించి ఉండడు.

నేను చేసేదంతా తలకిందులేనని అప్పుడే తెలిసింది. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ స్టార్ట్ చేసి, గేర్లో పెట్టి, ఒక చేత్తో గుడ్డ పట్టుకుని పైనుంచి నూనె ధార కట్టేవాణ్ణి. అట్లా చేస్తే గుడ్డతో పాటు వేళ్ళు పళ్ళ మధ్యకు పోతాయని అతను గట్టిగానే తిట్టాడు. ఇంజన్ ఆపాలి. కిరోసిన్ గుడ్డతో మురికి తుడవాలి. చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పుతూ కింది వరుసకు లోపలి వైపు నుంచి 90 నంబర్ గేర్ ఆయిల్ చుక్కలు చుక్కలుగా వేయాలి. చక్రం తిరిగితే ఆ నూనె బయటికి పోతూ రోలర్ల లోపలికి దిగుతుంది. కాసేపాగి పైన మిగిలింది తుడిచేయాలి. తుడవకపోతే మళ్ళీ చీరే. బిగించేటప్పుడు ఇరుసుకు రెండు పక్కలా గీతలు సమానంగా ఉన్నాయో లేదో చూడాలి.

చైన్ ఒక్కటే మారిస్తే అరిగిన పళ్ళు కొత్తదాన్నీ తినేస్తాయన్నాడు. కాబట్టి ముందూ వెనకా స్ప్రాకెట్లతో కలిపి మొత్తం కిట్టు మార్పించాను. అదే రోజు సాయంత్రం బట్టల దుకాణానికి కూడా పోవాల్సి వచ్చింది. కిట్టు దగ్గర గంటసేపు బేరమాడాను. చీర దగ్గర నోరెత్తలేదు.