ప్రింట్‌కే విజయము

అవధరింపుము! లైనక్స్ కర్నెల్ అను మహాసామ్రాజ్యమున ప్రాసెస్‌లు పుట్టుచు గిట్టుచుండ, ఇంటరప్టులు పిడుగులై కురియుచుండ, జరిగినదెల్ల జరిగిన క్షణముననే చాటు వైతాళికుడొకడు గలడు. నామధేయము ప్రింట్‌కే. సి భాషలోని ప్రింట్‌ఎఫ్‌కు తమ్ముడే గాని అన్నగారి భోగములు వీనికి దక్కలేదు: దశాంశ సంఖ్య పలుకరాదు, నిద్రింపరాదు, ఏ అపరాత్రి పిలిచినను "ఇప్పుడు కాదు" అనరాదు.

వీని కొలువున సందేశస్థాయిలను దిగ్గజములెనిమిది. అంకె తగ్గినకొద్దీ హోదా హెచ్చును. సున్నా పీఠమున ఎమర్జెన్సీ వారు. వారు నోరు విప్పిరేని యంత్రమునకు నూకలు చెల్లినట్లే. ఏడవ పీఠమున డీబగ్; వాగుడుకాయ గనుక మామూలుగా కన్సోల్ గడప తొక్కనీయరు. హోదా తెలుపు బిరుదునకును సందేశమునకును నడుమ కామా పెట్టరాదని శాసనము. తెలియక పెట్టినవాని గోడు ఏమి చెప్పుదును? సందేశము సాంతము ఆవిరై, ఒట్టి బిరుదు మాత్రమే దర్బారునకేగును!

సందేశములు దాచు కోశాగారము వలయాకారము, వాడుకగా 128 కిలోబైట్లు. నిండినదా, కొత్త వార్త వచ్చి అన్నిటికన్న పాతదాని నెత్తిన కూర్చుండును.

కుకవినింద లేనిదే కావ్యమగునా? లూపులో కూర్చుండి చెప్పినదే చెప్పు డ్రైవర్ కవులారా, మీ కొరకే రేట్‌లిమిట్ పుట్టినది: మామూలుగా 5 సెకన్లకు 10 పద్యములు, ఆపైన నోటికి తాళము.

తాళమనగా గుర్తుకువచ్చినది. పూర్వము ప్రింట్‌కే తాళము వేసికొని వ్రాయుచుండగా, ఎవ్వరాపినను ఆగని ఎన్‌ఎమ్‌ఐ అను ఇంటరప్టు అదే ప్రాసెసర్‌పై దూకి, తానును వ్రాయుదునని అదే తాళము కొరకు నిలిచెనేని, విడువవలసినవాడు కదలలేడు, వచ్చినవాడు మరలలేడు. దీనికి తోడు 115200 బాడ్ సీరియల్ కన్సోల్! సెకనుకు పదకొండు వేల చిల్లర అక్షరములు. కోట్ల ఆదేశములు నడుపు ప్రాసెసర్ ఆ నత్త వెంట నిలుచుట చూచి రియల్‌టైమ్ వీరులు పండ్లు కొరికిరి. జాన్ ఓగ్నెస్ తాళము లేని కోశమును నిర్మింప, 2020లో 5.10 వెర్షన్ దానిని స్వీకరించెను. కన్సోల్ చిక్కు విప్పుటకు మరి నాలుగేండ్లు. 2024లో, 6.12తో గాని రియల్‌టైమ్ సేన కర్నెల్ కోటలో అడుగిడలేదు. ఇరువదేండ్ల ముట్టడిలో చిట్టచివరి తలుపు గడియ ఈ వైతాళికుని చేతనే యుండెను! (అతిశయోక్తి యనుకొందురేమో, అలంకారములే నావి, కథ సోర్స్ కోడ్‌ది.)

ఇక ఈ ఆస్థానమున ఔచిత్యమెట్టిదో చూడుడు. ప్రింటర్ ఏదో లోపమనుచున్నది. కాగితమున్నది, ఆఫ్‌లైనును కాదు. అప్పుడు పాత ప్రింటర్ డ్రైవర్ "ఎల్‌పీ0 తగులబడుచున్నది" అని విన్నవించును. లంకాదహనమునకు సాటియగు ఈ వార్తకు దొరలిచ్చిన పీఠము ఆరవది: ఇన్ఫో.