మూడో బ్రేకు

కారు వెళ్లిపోయింది, రాయి మిగిలిపోయింది. తార్నాక గల్లీల్లో ఏ పొద్దున చూసినా ఇదే వరస. ఆఫీసు వేళకు బండి తీసే పెద్దమనిషికి రాయిని గోడవారకు జరిపే తీరిక ఉండదు. సాయంత్రం మళ్లీ దాంతోనే పని కనుక అది రోడ్డు నడుమ ఉండటమే ఆయనకు సుఖం. ఈలోగా దాని మీదికెక్కి పడే స్కూటరువాళ్లు ఆయన లెక్కలోకి రారు. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 96వ నియమం బ్రేకుల సంగతి చెబుతుంది. కాలితో తొక్కేది ఒకటి, నిలిపిన బండిని పట్టి ఉంచేది ఒకటి, కారుకు వెరసి రెండు ఉండాలట. ఢిల్లీలో కూర్చుని రాశారు కాబట్టి మూడోదాన్ని, చక్రం కింది రాయిని, మరిచిపోయారు.

ఈ మూడో బ్రేకును తేలిగ్గా తీసిపారెయ్యకూడదు. హైదరాబాదు గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఏ బ్రేకు కేబులు కంపెనీ అంత వారంటీ ఇస్తుంది? ఉస్మానియా క్యాంపస్‌లో ఆర్ట్స్ కాలేజీ భవనాన్ని గ్రానైటుతోనే కట్టి 1939లో ప్రారంభించారు. అది ఇప్పటిదాకా అంగుళం జరగలేదు. అంత మేడను నిలబెట్టిన రాయి ఒక మారుతి 800ను నిలబెట్టలేదా అంటే జవాబు చెప్పడం కష్టమే. పక్కన హబ్సిగూడలో భూమి లోతుల్ని శోధించడానికి జాతీయ సంస్థే ఉంది. వాళ్లు శిలల్ని ఎన్ని రకాలుగా విడదీసినా గల్లీ శాస్త్రం దారి వేరు. గుండ్రాయి పనికిరాదు, చక్రంతోపాటు తానూ దొర్లుతుంది. ఇటుక రెండు వానలు చూశాక టైరు కింద పొడైపోతుంది. సిమెంటు దిమ్మ శ్రేష్ఠం, కానీ ఆదివారం పిల్లలకు అదే వికెట్టు. అన్నిటికన్నా మేలైనది ఒక పక్క ఏటవాలుగా ఉన్న మూడు మూలల రాయి. అలాంటిది చేతికి చిక్కితే జనం దాచుకుంటారు, గుర్తుకు సున్నం కూడా పూస్తారు. దగ్గరికెళ్లి చూడండి: టైరు రాసుకున్న వైపు నల్లగా, నున్నగా, రోట్లో రాయిలా మెరుస్తుంటుంది. రెండో వైపు ఎర్రమట్టి, కింద చీమలు. "జర రాయి పెట్టన్నా" అంటే ఎవరూ కాదనరు. ఎడ్లబండి చక్రానికి అడ్డం పెట్టిందీ ఈ జాతి రాయే. పాపం, ఎడ్లబండికి హ్యాండ్‌బ్రేకు లేదు. ఉన్నదాన్ని పాడుపెట్టుకుని రాయిని వెతుక్కోవడం మనం సాధించిన ప్రగతి.

పాడెక్కడుందో చూడకపోవడమే అసలు జబ్బు. లీవరు లాగితే ఐదారు టిక్కుల్లో బిగియాలి, కచ్చితమైన లెక్క బండి పుస్తకంలో ఉంటుంది. టిక్కులు పది దాటి లీవరు ఆకాశం చూస్తుంటే వదులు లీవరులో ఉందనుకుంటాం. అక్కడున్న నట్టును 10 నంబరు పానాతో నాలుగు చుట్లు తిప్పేసి, చేతులు దులుపుకుంటాం. పుండు ఒకచోట, మందు ఇంకోచోట. లీవరు కేబులును లాగుతుంది, కేబులు వెనక డ్రమ్ముల్లోని షూలను విప్పారేలా చేస్తుంది, అవి డ్రమ్మును లోపలి నుంచి అదిమి పట్టుకుంటాయి. షూ మీది లైనింగు అరిగేకొద్దీ నడుమ ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీయే ఇంత దూరం నడిచొచ్చి మన చేతిలో వదులుగా తేలుతుంది. దాన్ని కేబులు దగ్గర లాగేస్తే, లీవరు దించినా షూ పూర్తిగా వెనక్కి వెళ్లదు. తనంతట తానే సర్దుకునే ఏర్పాటు ఉన్న బళ్లలో ఆ ఏర్పాటు కూడా మొరాయిస్తుంది. చక్రం రాసుకుంటూ తిరుగుతుంది, డ్రమ్ము వేడెక్కుతుంది, బండి పెట్రోలు తాగుతుంది. ఇంత ఖర్చు పెట్టాక కొన్నాళ్లకు టిక్కులు మళ్లీ పన్నెండు.

గేరులో పెడితే చాలదా అంటారు. రింగులు అరిగిన పాత ఇంజనులో గాలి జారిపోతుంటే, గేరు బండిని ఆపదు, మెల్లగా పోనిస్తుంది. క్లచ్చు తొక్కకుండా తాళం తిప్పినవాడికైతే ముందున్న ఆటోతో పరిచయం కూడా చేయిస్తుంది. తార్నాక చదునే కదా అని ఇంకో మాట. జూలైలో ఒక్క వాన పడనివ్వండి, ఏ గల్లీ ఎటు వాలుగా ఉందో నీళ్లే గీత గీసి చూపిస్తాయి. మెకానిక్కు ఇవ్వొచ్చు కదా అన్నది న్యాయమైన ప్రశ్న. "హ్యాండ్‌బ్రేకు టైట్ చెయ్యి భాయ్" అంటే ఆయన ఆ మాటకు కట్టుబడి ఆ నట్టునే తిప్పుతాడు. తప్పు ఆయనది కాదు. "వెనక డ్రమ్ములు విప్పి చూడు" అనాలి.

ఇంట్లో చేసుకోదలిస్తే వరస ఇది: ముందు డ్రమ్ము, తర్వాత కేబులు, ఆఖరున లాక్‌నట్టు. జాకీని నమ్మి కారు కిందికి దూరకూడదు. బండిని స్టాండ్ల మీద నిలపాలి. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకూడదు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడిగుడ్డతో తుడవాలి. లీవరు దించితే చక్రం ధారాళంగా తిరగాలి, చెప్పిన టిక్కుకు బిగియాలి. చిక్కల్లా ఒకటే. వెనక చక్రాలు పైకి లేచాక, హ్యాండ్‌బ్రేకు దించాక, ముందు చక్రాలు కదలకుండా ఏం పెట్టాలి? రాళ్లే.

ఒక్కచోట రాయి పక్షానికి తల వంచాలి. నెలల తరబడి కదలని కారుకు హ్యాండ్‌బ్రేకు లాగి ఉంచితే వానాకాలపు తేమకు షూ డ్రమ్ముకు అతుక్కుపోతుంది. దానికి గేరూ రాయే మేలు. అలాంటి కార్లు ఇక్కడ తక్కువేం కావు. కవరు కింద, సగం గాలి టైర్లతో, బానెట్టు మీద వేపాకులతో నిలబడి ఉంటాయి. నడిపిన మనిషికి చూపు ఆనడం లేదు. ముందు సీట్లో కూర్చుని నేర్చుకున్న పిల్లలు ఇంకో ఖండంలో రోడ్డుకు కుడివైపున నడుపుతున్నారు. పదిహేనేళ్లు దాటిన బండి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను తిరగరాయించాలి. అది మాత్రం తప్పకుండా రాయిస్తారు. ఎక్కడికి వెళ్దామని అడిగితే, ఉండనీ అంటారు.

నడిచే బండి ఉన్నవాళ్లు డ్రమ్ము పని ముగించుకుని, ముందు చక్రాల రాళ్లు తీసి గోడవారన పెడితే చాలు. సాయంత్రానికి అవి ఎలాగూ పక్కింటి ఆల్టో కింద ఉంటాయి.