అరవై అంగుళాలు

నేను మాస్టర్ మెడలో ఉండే టేపును. ఒక వైపు 60 అంగుళాలు, రెండో వైపు 150 సెంటీమీటర్లు, రెండు కొసలకూ ఇత్తడి రేకులు. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే ఒక గల్లీలో, రెండు మిషన్లూ ఒక కటింగ్ బల్లా పట్టేంత దుకాణం మాది. పొద్దున షట్టర్ లేపగానే మాస్టర్ నన్ను మేకు మీంచి తీసి మెడలో వేసుకుంటాడు. రాత్రి మళ్లీ మేకుకే.

నాకంటే ముందు ఆ మెడలో ఉన్నది గుడ్డ టేపు. ఏళ్ల తరబడి లాగీ లాగీ అది సాగిపోయింది. దాంతో ఒళ్లు కొలిచి, ఇనుప స్కేలుతో బట్ట మీద గీస్తుంటే జాకెట్లు బిగుతుగా వస్తున్నాయి. ఒకనాడు మాస్టర్ దాన్ని స్కేలు పక్కన పరిచి చూశాడు. 60 అంగుళాలకు అర అంగుళం తేడా. మారు మాట లేకుండా కత్తిరించి అవతల పారేశాడు. నా లోపల ఉన్నది గాజు నార, పైన ప్లాస్టిక్ పూత. వానకు ముడుచుకోను, లాగితే సాగను. ఈ దుకాణంలోకి వచ్చే ప్రతి బట్టా ఎంతో కొంత మారేదే. మారకుండా ఉండి, ఎంత మారిందో చెప్పడమే నా పని.

త్యాగరాయ గానసభలో నాట్యం చేయబోయే పిల్లల నడుములు కొలిచాను. నారాయణగూడ రెడ్డి కాలేజీ అమ్మాయిల భుజాలు కొలిచాను. నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దస్తమానం కూర్చుని చదివే కుర్రాళ్ల ఛాతీలు లెక్కలేనన్ని కొలిచాను. అశోక్‌నగర్ హాస్టళ్లలో ఏటేటా కొత్త ముఖాలు వస్తాయి. గ్రూప్స్ నోటిఫికేషన్ పడితే గది దొరకదు, పడకపోతే ఊరికి పోలేరు. వాళ్ల దగ్గర ఉండేవి నాలుగు జతలు. అందులో ఒకటి పొట్టిదైపోతే మూడే.

ఎవరు గుడ్డ తెచ్చినా మాస్టర్ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "తడిపినవా?" జాకెట్టు కుట్టించుకునే ఆడవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. లైనింగు గుడ్డను రాత్రంతా బకెట్లో నానేసి, ఆరేసి, ఇస్త్రీ చేసి తెస్తారు. చీర ఫాల్ కూడా అంతే. తడపని ఫాల్ కుడితే మొదటి ఉతుకుకే అది గుంజుకుని, చీర అంచు అలలు అలలుగా ముడతలు పడుతుంది. మగవాళ్లకే ఈ సంగతి పట్టదు. చొక్కా గుడ్డ తెచ్చి బల్ల మీద పడేసి, ఎప్పుడిస్తారని అడుగుతారు.

ఒక హాస్టల్ పిల్లవాడూ అలాగే అడిగాడు. ఊరు కొయ్యలగూడెం. వాళ్ల నాన్న నేత పని చేస్తాడు. నీలం మీద తెల్లటి చిటికి పువ్వు, నూలు గుడ్డ, తండ్రే కొడుకు కోసం మగ్గం మీద నేసి పంపాడు. మాస్టర్ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"తడిపినవా బిడ్డా?"

"లేదు మాస్టర్. ఎల్లుండి బోనాలకు ఏసుకోవాలె."

మాస్టర్ ఒక్క క్షణం ఆగి నన్ను అందుకున్నాడు. ఛాతీ 38, పొడవు 29, చెయ్యి 25. కింద మడతలో మామూలుకంటే ఎక్కువ, ఒకటిన్నర అంగుళం గుడ్డ లోపల దాచి కుట్టాడు. మిగిలిన ముక్కను చుట్టి పేరు రాసి అరలో పెట్టాడు.

మూడు వారాల తర్వాత ఆ అబ్బాయి చొక్కాను పేపర్లో చుట్టుకుని వచ్చాడు. నాలుగు రోజుల్లో బ్యాంకు ఇంటర్వ్యూ. ముసురు పట్టి హాస్టల్ డాబా మీద ఏదీ ఆరడం లేదని, కేజీ లెక్కన ఉతికిచ్చే చోట వేశాడు. వేడినీళ్లలో ఉతికి, వేడిగాలి డ్రయ్యర్లో గిరగిరా తిప్పి, గంటలో మడతపెట్టి ఇచ్చారు. నన్ను పరిచారు. పొడవు 27½. చెయ్యి 23¾. వెడల్పు మాత్రం దాదాపు ఎక్కడిదక్కడే ఉంది. కాలరు మీద బుడగలు లేచాయి. లోపలి బక్రం ముడుచుకోలేదు, పై గుడ్డ ముడుచుకుంది.

నేను అబద్ధం చెప్పలేను. అంకెలు చూసి ఆ పిల్లవాడి ముఖం ఎలా అయిందో ఇప్పటికీ మరిచిపోలేదు. డబ్బు సంగతి కాదు. అది నాన్న నేసిన గుడ్డ.

మాస్టర్ వాళ్ల నాన్నకు ఫోన్ చేయించి స్పీకర్లో పెట్టాడు. అటు నుంచి కోపం రాలేదు. "పడుగు గుంజి కడ్తం గద మాస్టర్. మగ్గం మీద ఉన్నన్ని రోజులు దారం ఊపిరి బిగబట్టుకొనే ఉంటది. నీళ్లల్ల ఎయ్యంగనే దాని పొడుగు దానికి యాదికొస్తది. నేనే తడిపి పంపాల్సింది."

ఇన్నేళ్లుగా నేను కొలుస్తున్నదేమిటో ఆ మాటతో నాకు అర్థమైంది. చొక్కా పొడవూ చేతి పొడవూ పడుగు దారం వెంబడే కత్తిరిస్తారు. బిగించి కట్టింది పడుగునే కాబట్టి తగ్గింది కూడా అటే. దానికి తోడు, నూలు పోగు నీళ్లు తాగి లావెక్కుతుంది. లావెక్కిన పేక దారాల మీదుగా పడుగు దారం ఎక్కి దిగాలంటే చుట్టు ఎక్కువవుతుంది, ఆ మేరకు గుడ్డ పొట్టిదవుతుంది. వానలో తడిసిన నులక మంచం బిగుసుకుపోవడం చూసినవాళ్లకు ఇది వింత కాదు.

వేడి నీళ్లు ఆ పనిని తొందర చేస్తాయి. దండెం మీద ఆరేస్తే తడి బరువుకే గుడ్డ కొంత సాగి నిలుస్తుంది. వేడిగాలి డ్రయ్యర్లో దాన్ని పట్టి ఉంచేది ఏదీ ఉండదు. దొర్లుతూ, చివరి తడి కూడా పోయేదాకా దగ్గరపడుతూనే ఉంటుంది. మన ఇళ్లలో రెండు తొట్ల మిషన్‌కున్న దాన్నీ డ్రయ్యర్ అనే అంటాం గానీ, అది తిప్పి నీళ్లు పిండుతుంది, కాల్చదు. ఈ రెంటికీ తేడా తెలియకే ఎన్నో చొక్కాలు పోతున్నాయి. తప్పనిసరై వేడి డ్రయ్యర్లో వేస్తే, కాస్త తడి ఉండగానే తీసేసి, అంచులు పట్టి దులిపి, నిలువుగా చేత్తో లాగి ఆరేయాలి.

టీ షర్టులది ఇంకో కథ. అది నేసిన గుడ్డ కాదు, ఉచ్చులుగా అల్లింది. ఉతికితే పొడవు తగ్గి అడ్డంగా సాగుతుంది. ఉన్ని స్వెట్టరుదైతే మరీ కష్టం. ఉన్ని వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడిలో రుద్దితే అవి ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని ఇక విడిపోవు. చన్నీళ్లలో ముంచి, పిండకుండా తువ్వాల్లో చుట్టి ఒత్తి, నేల మీద పరిచి ఆరబెట్టడమే దారి.

మాస్టర్ కుర్రతనంలో కొన్ని మిల్లు గుడ్డల అంచు మీద శాన్‌ఫరైజ్డ్ అని ముద్ర ఉండేదట. అమెరికాలో శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే ఆయన 1930లో పేటెంటు పొందిన పద్ధతి అది. గుడ్డను తడిపి, రబ్బరు పట్టీ మీద ఒత్తి, ముడుచుకోవాల్సిందంతా మిల్లులోనే ముడుచుకునేలా చేస్తారు. ఆ తర్వాత ఇంట్లో ఉతికితే నూటికి ఒక వంతు తగ్గితే ఎక్కువ. ఇందిరా పార్కు దాటి లోయర్ ట్యాంక్‌బండ్ వైపు పోతే ఒకప్పుడు డి.బి.ఆర్. మిల్లు ఉండేది. ఆ రోజుల్లో మిల్లు గుడ్డ అంటే ఈ చుట్టుపక్కల వాళ్లకు ఇంటి మనిషిలాంటిది. మగ్గం గుడ్డకు అలాంటి యంత్రం లేదు. దానికి బకెట్టే యంత్రం. మొదటిసారి గుడ్డగా ఉన్నప్పుడే ముంచాలి, చొక్కా అయ్యాక కాదు.

ఆ సాయంత్రం మాస్టర్ అరలోంచి మిగిలిన ముక్క తీశాడు. పడుగు వెంబడి కొలిస్తే సరిగ్గా 20 అంగుళాలు. గోరువెచ్చటి నీళ్లలో ముంచి, ఆరాక మళ్లీ నన్ను పరిచాడు. 19. ఆ ముక్కతో వెడల్పాటి కొత్త కఫ్‌లు వేసి చేతుల పొడవు సర్దాడు. పాత కాలరు విప్పి, బక్రం కూడా తడిపి ఆరబెట్టి కొత్తది కట్టాడు. కింద మడత విప్పితే దాచిన ఒకటిన్నర అంగుళం బయటికొచ్చింది. పాత మడత గీత లేత నీలంగా కనిపిస్తుంటే, తడిగుడ్డ పరిచి ఇస్త్రీతో దాన్ని మాపేదాకా వదల్లేదు. అబ్బాయి వేసుకున్నాక నన్ను మెడ వెనక నుంచి కిందిదాకా వదిలాడు. 29.

"ఇగ చన్నీళ్లల్లనే ఉతుకు. తిప్పేసి నీడకు ఆరెయ్యి. మిషన్ల ఎయ్యకు" అన్నాడు మాస్టర్. కూలి తీసుకోలేదు.

దసరా ముందు ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడు. చేతిలో కొత్త గుడ్డ, ఈసారి గోధుమ రంగు. మడతలు గట్టిగా లేవు, ఉతికిన గుడ్డకుండే మెత్తదనం ఉంది.

"నాయిన రెండున్నర మీటర్లు నేసిండట మాస్టర్. తడిపి, ఆరేసి పంపిండు."

మాస్టర్ ఏమీ అడగకుండా నన్ను మెడలోంచి తీశాడు. ఒకసారి కొస నుంచి కొస దాకా పూర్తిగా పరుచుకున్నాను, 150. మళ్లీ అక్కడి నుంచి మొదలుపెడితే 87 దగ్గర గుడ్డ అయిపోయింది. మాస్టర్ పుస్తకంలో 2 మీటర్ల 37 అని రాసుకుని, నన్ను మళ్లీ మెడలో వేసుకుని, సుద్ద అందుకున్నాడు.