అడుగు చూసి బొమ్మ మరిచారు

మా రోజుల్లో పాత చైనా పింగాణీ కొనేవాడు ముందు బొమ్మ చూసేవాడు. తర్వాత చేత్తో తడిమేవాడు. ఆఖరున తిరగేసి, అడుగున ఏం రాసుందో చూసేవాడు. ఇప్పుడు ఆ వరస తలకిందులైంది. గిన్నె చేతికి రావడం ఆలస్యం, బోర్లించి అడుగునున్న ఆరు అక్షరాలను ఫోన్‌తో ఫొటో తీస్తారు. ఏ చక్రవర్తి కాలానిదో, ఇలాంటిది వేలంలో ఎంత పలికిందో వెతుకుతారు. పైన ఏం బొమ్మ ఉందయ్యా అంటే "ఏవో పూలండీ" అంటారు. ఏవో పూలట!

ఆ అక్షరాల మీద అంత నమ్మకం ఎందుకో నాకు అంతుపట్టదు. కాంగ్‌షీ చక్రవర్తి (1662–1722) నాటికే పింగాణీ తయారయ్యే జింగ్‌దెజెన్ ఊరి పనివాళ్లు రెండు వందల ఏళ్ల కిందటి చెంగ్‌హువా చక్రవర్తి పేరు రాసేవారు, పాతవాళ్ల పనితనం మీద గౌరవంతో. 1677లో అక్కడి అధికారి ఒకాయన, ఏలుతున్న రాజు పేరు పింగాణీ మీద రాయొద్దని ఆజ్ఞ వేశాడు. అందుకే ఆ రోజుల నాటి మంచి పాత్రలు కొన్నింటి అడుగున రెండు నీలి వలయాలే ఉంటాయి, మధ్యలో ఖాళీ. నేటి కొనుగోలుదారు ఆ ఖాళీ చూసి మొహం తిప్పుకుంటాడు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కాంగ్‌షీ పేరు వేసి చేసిన జాడీని చూసి మురిసిపోతాడు.

రంగుల సంగతైనా అడుగుతారా అంటే అదీ లేదు. ఎనామిల్ అంటే మామూలు రంగు కాదు, గాజు. లోహాల భస్మాలతో రంగెక్కించిన గాజును నూరి, అప్పటికే పెద్ద మంటలో కాలి మెరుపెక్కిన పింగాణీ మీద పూసి, తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. రాగి ఆకుపచ్చనిస్తుంది, ఇనుము ఎరుపునిస్తుంది. కాంగ్‌షీ కాలంలో ఆకుపచ్చదే పెత్తనం. ఆ పాత్రల మీది నీలి ఎనామిల్‌ను వెలుతురులో ఏటవాలుగా పట్టి చూస్తే, దాని చుట్టూ సన్నగా ఇంద్రధనుస్సు వన్నె కనిపిస్తుంది. అది చూడటం మా పెద్దలు చెయ్యి పట్టుకుని నేర్పారు. కాంగ్‌షీ పాలన చివర్లో గులాబీ రంగు వచ్చింది. అది బంగారం నుంచి పుట్టిన రంగు. దాంతోపాటే వెలుగును అడ్డుకునే చిక్కటి తెలుపూ వచ్చింది. ఆ తెలుపు కలిపితేనే రేకు కొసన ముదురు, మొదట్లో లేత. ఆ తర్వాతి యోంగ్‌జెంగ్ చక్రవర్తి (1723–1735) కాలంలో గీసిన పువ్వును చూశాక ఇంకే పువ్వూ కంటికి ఆనదు, నేను ఒట్టేసి చెబుతాను.

ఆయన కాలపు పీచ్ పండ్ల పళ్లేలున్నాయి. కొమ్మ బయట అడుగు దగ్గర మొదలై, పళ్లెం గోడ వెంబడి పైకి పాకి, అంచు దాటి లోపలికి దిగుతుంది. కొన్ని పండ్లు బయట, మిగిలినవి లోపల. వాటి మధ్య ఐదు ఎర్రటి గబ్బిలాలు. గబ్బిలం ఇంట్లో దూరితే మనం అరిష్టమంటాం. చైనా భాషలో గబ్బిలానికీ భాగ్యానికీ ఒకటే పలుకు. శ్లేష తెలిసిన జాతి మనది, మనకిది ఇట్టే పట్టుబడాలి. ఐదు గబ్బిలాలంటే ఐదు భాగ్యాలు: దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యం, ధర్మం మీద ప్రీతి, ఆయుష్షు నిండాక ప్రశాంతమైన మరణం. పీచ్ పండు కూడా ఆయువుకే గుర్తు. అంటే ఆ పళ్లెం ఒక దీవెన. నిండా నూరేళ్లు బతకమని ఒకరికి చెప్పడానికి చేసిన వస్తువు. దాన్ని చేతిలో తిప్పితేనే కొమ్మ ముందుకు సాగుతుంది, దీవెన పూర్తవుతుంది. ఫోన్ తెర మీద పైనుంచి తీసిన ఫొటోలో సగం కొమ్మే ఉంటుంది. ఆ సగాన్ని చూసి లక్షలు పోస్తున్నారు!

దానిమ్మ ఉంటే సంతానం. పిల్లీ సీతాకోకచిలుకా కలిసి ఉంటే డెబ్బై, ఎనభై ఏళ్లు నిండిన పెద్దవాళ్లకిచ్చే కానుక. లండన్‌లో చిన్న ఉద్యోగాలు చేసుకునే మాబోటి వాళ్లం అంచు పెచ్చులూడిన పళ్లేలే కొనేవాళ్లం. కానీ అది ఎవరి పుట్టినరోజుకో, ఎవరి పెళ్లికో చదువుకోనిదే డబ్బు తీసేవాళ్లం కాదు. ఆ చదువు నాకు గోర్డన్ స్క్వేర్‌లోని 53వ నంబరు ఇంట్లో అబ్బింది. 1892లో మన బొంబాయిలోనే పుట్టిన సర్ పర్సివల్ డేవిడ్ పోగుచేసిన పింగాణీని 1952 నుంచి అక్కడ చూపేవారు. 2007 చివర్లో ఆ ఇల్లు మూసేశారు. 2009 నుంచి ఆ సుమారు 1,700 వస్తువులు బ్రిటిష్ మ్యూజియం 95వ గదిలో ఉన్నాయి, టికెట్ కూడా అక్కర్లేదు. అయినా జనం మమ్మీల దగ్గరే గుమిగూడతారు. హైదరాబాద్ వెళ్లినా ఇదే తంతు. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఎంత చైనా పింగాణీ ఉంది! జనం మాత్రం అక్కడి గడియారం ముందే కూర్చుని, అది గంట కొట్టగానే లేచి వెళ్లిపోతారు.

2014లో హాంకాంగ్ వేలంలో చెంగ్‌హువా కాలపు కోడి కప్పు ఒకటి 28 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటి పలికింది. అరచేతిలో ఇమిడే కప్పు. కొన్న షాంఘై సంపన్నుడు ల్యూ ఇచియన్ అందులో టీ పోసుకుని తాగాడని లోకమంతా విరుచుకుపడింది. నేను మాత్రం ఆయన్ని ఒక్క మాట అనను. కప్పు చేసింది తాగడానికే. ఆయన దాన్ని పెదవికి ఆనించి పట్టుకున్నాడు. నా కోపమంతా ఆ ధరను నెలల తరబడి వల్లించినవాళ్ల మీద. ఆ కప్పు చుట్టూ పుంజు, పెట్ట, పిల్లలు ఎందుకున్నాయో వాళ్లలో ఒక్కరూ అడగలేదు.