మూత్రపిండాలు లేకుండా చెరువులో బతికే విధానం

మూత్రపిండాల బెడద లేకుండా బతకదలచిన ప్రాణి మొట్టమొదట చెయ్యవలసింది పలచగా పుట్టడం. మాంసకృత్తులు తిన్న ప్రతి ఒంట్లోనూ అమైనో ఆమ్లాలు విరిగి అమ్మోనియా మిగులుతుంది. అది విషమే, కానీ నీళ్లలో ఇట్టే కరుగుతుంది. ఒంట్లో ఏ కణమూ నీటికి దూరం కాకపోతే విసర్జనకు వేరే అవయవం అక్కర్లేదు. ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి అమ్మోనియా తనంతట తానే పోతుంది. ఇదే విసరణ. వీరులపాడు మెట్టలో ఊరచెరువైనా, వైరా ఏటి మడుగైనా నియమం మారదు.

హైడ్రా ఈ సలహాను తు.చ. తప్పకుండా పాటించింది. దాని ఒళ్లంతా కణాల పొరలు రెండే. ఒకటి బయటి నీటిని, రెండోది లోపలి కుహరంలోని నీటిని అంటిపెట్టుకుని ఉంటాయి. తిండి లోపలికి పోయే ద్వారం, పిప్పి బయటికొచ్చే ద్వారం ఒక్కటే కనుక మడీ ఆచారం పట్టింపున్నవారు ఈ నమూనా జోలికి పోకూడదు. స్పంజిక ఇంకా సుఖపడింది. కశాభాలు ఆడిస్తూ సన్నని రంధ్రాల గుండా నీటిని లాక్కుని పెద్ద రంధ్రం గుండా తోసేస్తుంది. తిండి తెచ్చిన నీరే చెత్తనూ మోసుకుపోతుంది.

పరామీషియంలో కనిపించే రెండు సంకోచ రిక్తికలను చూసి మూత్రపిండాలని భ్రమపడరాదు. మంచినీటిలో బతికే కణంలోకి ద్రవాభిసరణ వల్ల నీరు ఎడతెగకుండా దూరుతుంది. దాన్ని తోడిపోయడమే వాటి అసలు కొలువు. అమ్మోనియా చాలావరకు కణత్వచం దాటి జారిపోతుంది. ప్లనేరియా అనే బల్లపరుపు పురుగు జ్వాలాకణాలూ అంతే, పేరుకే విసర్జకాలు, చేసేది నీరు తోడటం. గేదెలను పట్టే జలగ మాత్రం వృక్కాలనే విసర్జక నాళికలను 17 జతలు పెట్టుకుంది. అది తాగే నెత్తురుతో పోలిస్తే దుబారా అనలేం.

ఇక ఖర్చు సంగతి. 1 గ్రాము నత్రజనిని అమ్మోనియాగా వదలాలంటే సుమారు 500 మి.లీ. నీరు కావాలి. యూరియాగా అయితే 50, యూరిక్ ఆమ్లంగా అయితే 10 చాలు. కానీ ఒక్క యూరియా అణువు తయారీకి కణాల్లో శక్తి నాణేలైన ఏటీపీలు నాలుగింటి విలువైన శక్తి పోతుంది. అమ్మోనియాకు ఆ ఖర్చు లేదు. ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్, హార్వర్డ్‌లో ఫిస్కే, భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు కనిపెట్టేదాకా మనుషులకు దాని పేరే తెలియదు. హైడ్రా అంతకుముందే పొదుపు చేస్తోంది. నీళ్లు ఎవరివో కదా.

చెరువు నెర్రెలిచ్చే ఎండాకాలానికి మాత్రం వేరే సలహా కావాలి. నత్త మూత బిగించుకుని బురదలో నెలల తరబడి పడుకుంటుంది. అప్పుడూ అమ్మోనియానే వదిలితే తన విషంలో తానే చస్తుంది. అందుకే అది యూరిక్ ఆమ్లానికి మారి, సరిగా కరగని ఆ సరుకును ఒంట్లోనే దాచుకుంటుంది. నీళ్లలో ఉన్నన్నాళ్లూ అమ్మోనియా వదిలే తోకకప్ప, కప్పయి గట్టెక్కేసరికి యూరియా బాట పడుతుంది.

వదిలిన అమ్మోనియా ఏమవుతుందన్న చింత ఈ ప్రాణులకు అనవసరం. నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, మరికొన్ని నైట్రేటుగా మారుస్తాయి. నాచు, గుర్రపు డెక్క మిగతాది చూసుకుంటాయి. అయితే మధ్యాహ్నం ఎండలో నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చేసి నీటి క్షారత్వం పెంచుతుంది. అప్పుడు అదే అమ్మోనియా మరింత విషమవుతుంది. కృష్ణా జిల్లా రొయ్యల రైతు నీటి పరీక్షలకు డబ్బు పెట్టేది ఇందుకే. హైడ్రా పెట్టదు.

మనుషులకు ఈ విధానం పనికిరాదు. పెద్దవారి మూత్రంలో రోజుకు సుమారు 12 గ్రాముల నత్రజని పోతుంది. అదంతా అమ్మోనియాగా పోవాలంటే 6 లీటర్ల నీరు ఒంట్లోంచి వెళ్లాలి. రక్తంలో అమ్మోనియా పేరుకుంటే ముందు దెబ్బతినేది మెదడు. కాలేయం, మూత్రపిండాలు ఉన్నవారు వాటినే నమ్ముకోవాలి.