రుద్రారం నుంచి రోమ్: శిథిలాల యాత్రికులకు కొన్ని నియమాలు

రోమన్ శేషాలను దర్శించదలచిన యాత్రికుడు అన్నిటికన్నా ముందు పాటించవలసిన నియమం, అవి ఇటలీలోనూ దాని చుట్టుపక్కల దేశాలలోనూ తప్ప మరెక్కడా ఉండవని గట్టిగా నమ్మడం. ఈ నమ్మకం నిలిస్తేనే వీసా రుసుమూ, విమానం టిక్కెట్టూ, కలోసియం ముందు నిలబడి తీయించుకొనే ఫోటోలూ సార్థకమవుతాయి. అది ఏ కొంచెం సడలినా, పటాన్‌చెరు పారిశ్రామికవాడను ఆనుకొని ఉన్న రుద్రారం నివాసి బొంబాయి హైవే ఎక్కి, కంది దాటి, సంగారెడ్డి మీదుగా కొండాపూర్ పాటిగడ్డకు చేరుకొనే ప్రమాదం ఉంది. పాటిగడ్డ అంటే ఒకప్పుడు ఊరుండి పాడుబడిన చోట ఇళ్ల గోడలూ, పొయ్యిల బూడిదా, కుండపెంకులూ తరాల తరబడి పేరుకొని మెరకైన నేల. అటువంటి మన్ను చేనుకు బలమని రైతులు బండ్లకెత్తి తోలుకోవడం తెలుగునాట పాత అలవాటు కాబట్టి, ఈ ప్రాంతపు ప్రాచీన చరిత్రలో కొంత భాగాన్ని జనం జొన్నలుగా పండించి, తిని, ఎప్పుడో అరిగించుకున్నారు.

అయినా వెళ్ళి తీరవలసి వస్తే, రోజును జాగ్రత్తగా ఎంచుకోవాలి. షిఫ్టుల మీద నడిచే ఫ్యాక్టరీలలో వారపు సెలవు అందరికీ ఆదివారమే రాదు గనుక, శుక్రవారం సెలవు దొరికినవారిని అదృష్టవంతులుగా భావించవచ్చు: భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నిర్వహించే అక్కడి మ్యూజియానికీ సెలవు ఆ రోజే కావడం వల్ల, తాళాన్ని చూసి, ప్రభుత్వాన్ని ఒక మాట అని, మధ్యాహ్న భోజనం వేళకు ఇంటికి చేరవచ్చు. మిగతా రోజుల్లో బయలుదేరేవారు ఫోనులోని పటానికి "కొండాపూర్" అన్న ఒక్క పేరు మాత్రమే చెప్పి, జిల్లా పేరు చెప్పకుండా ఉండడం మేలు. అప్పుడది వారిని హైటెక్ సిటీ పక్కనున్న మరో కొండాపూర్‌కు చేర్చే అవకాశం ఉంది, అక్కడ శిథిలాలు లేకపోయినా బిర్యానీ దొరుకుతుంది.

ఇన్ని జాగ్రత్తలను దాటుకొని అసలు గడ్డకే చేరినవారికి తోడుండవలసింది నిరాశ. అక్కడ స్తంభాలు, తోరణాలు, పాలరాతి దేవతలు ఉండవు. ఇటుక గోడల అడుగులు, బౌద్ధ కట్టడాల పునాదులు, గడ్డి ఉంటాయి. నిజాం రాష్ట్ర పురావస్తు శాఖ గులాం యజ్దానీ ఆధ్వర్యంలో 1940ల ఆరంభంలో ఇక్కడ తవ్వకాలు జరిపి, సుమారు క్రీ.పూ. 200 నుంచి క్రీ.శ. 200 వరకు శాతవాహనుల కాలంలో వర్ధిల్లిన ఒక పట్టణాన్ని వెలికితీసింది. సీసపు, రాగి నాణేలు వేల సంఖ్యలో దొరకడంతో ఇక్కడొక టంకశాల, అనగా నాణేలు తయారుచేసే కర్మాగారం, ఉండేదని పండితులు తలచారు. కొలిమి, అచ్చు, కూలి మనుషులు, సరుకు రవాణా అన్నీ ఉన్న ఆ ఊరిని నేటి పారిశ్రామికవాడకు పూర్వీకురాలిగా గుర్తించడం చాలా సులువు. అందువల్లనే గుర్తించకుండా ఉండడానికి యాత్రికుడు కొంత సాధన చేయాలి.

మ్యూజియంలో రోమన్ నాణేల ప్రసక్తి రాగానే, "రోమన్లు ఇక్కడికి వచ్చి ఉండిపోయారు" అని వెంట వచ్చిన పిల్లలకు ప్రకటించడం ఆనవాయితీ. నాణెం ప్రయాణించడానికి దానిమీద బొమ్మ ఉన్న చక్రవర్తి కూడా రానక్కరలేదన్న సంగతి చెబితే కథలో పస పోతుంది. జరిగింది వ్యాపారం: మిరియాలు, రత్నాలు, దంతం, సన్నని నూలుబట్ట ఇక్కడి నుంచి పోయేవి, బంగారం, వెండి, ద్రాక్షసారా అక్కడి నుంచి వచ్చేవి. ఎర్ర సముద్రం నుంచి భారత తీరం దాకా ఉన్న రేవులను వర్ణించిన 1వ శతాబ్దపు గ్రీకు నౌకాయాన గ్రంథం పెరిప్లస్, నేటి కృష్ణా తీరంగా పండితులు గుర్తించే మసాలియాలో సన్నబట్ట విస్తారంగా తయారయ్యేదని చెప్పింది. అదే శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ, భారతదేశం ఏటా తమ సామ్రాజ్యం నుంచి 5 కోట్ల సెస్టెర్షియస్‌లకు తగ్గకుండా లాగేస్తున్నదని వాపోయాడు. సెస్టెర్షియస్ అంటే రోమన్ల లెక్కల్లో వాడే ఒక నాణెపు ప్రమాణం. దిగుమతుల వల్ల దేశం గుల్లవుతున్నదనే ఫిర్యాదు ఇంత పాతదని తెలిస్తే వార్తాపత్రికల వ్యాపార పేజీ చదవడంలో రుచి తగ్గుతుంది కాబట్టి, ప్లినీ జోలికి పోకపోవడం మంచిది.

ఇక్కడికి చేరిన సొమ్ముకు దక్కిన మర్యాదను గమనించడమూ అంత క్షేమం కాదు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట బయటపడ్డాయి, వాటిలో ఎక్కువ అగస్టస్, తిబేరియస్ చక్రవర్తుల కాలానివి. భారతదేశంలో దొరికిన రోమన్ నాణేలలో కొన్నిటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాటు కనిపిస్తుంది, లోహం మేలిమిని పరీక్షించడానికని కొందరు, పరదేశపు రాజు అధికారాన్ని కాదనడానికని మరికొందరు అంటారు. కొండాపూర్‌లోనైతే రోమన్ నాణేలను అనుకరించి చేసిన మట్టి బిళ్ళలు దొరికాయి, ఇటువంటివాటిని దారానికి గుచ్చి మెడలో వేసుకొనేవారు. అసలు బంగారం కొనలేనివారికి ఆనాటి రోల్డుగోల్డు అన్నమాట. ప్రపంచాన్ని ఏలిన ప్రభువు తలకు ఇంతకన్నా వినయమైన గతి రోమ్ నగరంలో ఎక్కడా చూపించరు. కయోలిన్ అనే తెల్లని మెత్తటి బంకమట్టిని ముందొక అచ్చులో, వెనకొక అచ్చులో ఒత్తి అతికించిన బోలు బొమ్మలు కూడా ఈ ఊరి ప్రత్యేకత. ఈ జంట అచ్చుల పద్ధతి రోమన్ లోకంతో సంపర్కం వల్ల వచ్చిందని కొందరు పండితుల అభిప్రాయం, అయితే బొమ్మల ముఖాలు మాత్రం అచ్చంగా ఇక్కడివే. ఈ అల్మారాల దగ్గర ఐదు నిమిషాలకు మించి నిలబడితే ఆసక్తి పుట్టవచ్చు.

కట్టడం కనిపిస్తేనే తృప్తిపడే యాత్రికులకు నాగార్జునసాగర్ దగ్గరి అనుపు ఉంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, నలువైపులా మెట్ల వరుసలతో కట్టిన ఒక క్రీడారంగం 1954 నుంచి 1960 వరకు సాగిన నాగార్జునకొండ లోయ తవ్వకాలలో బయటపడింది. జలాశయం కింద ఆ లోయ మునిగిపోనున్నందువల్ల దానిని విప్పి, అనుపులో తిరిగి అమర్చారు. దీనిలో రోమన్ రంగస్థలాల ఛాయ ఉందని కొందరు చరిత్రకారులు అన్నారు. ఆ "కొందరు"ను వదిలేసి, నడిమధ్య నిలబడి చప్పట్లు కొట్టి, ప్రతిధ్వని విని, ఇది రోమన్ కట్టడమే అని తేల్చేయడం యాత్రికుని హక్కు.

ఇన్ని చెప్పినా ఇటలీకే పోయేవారు ఉంటారు, వారికి రెండు హెచ్చరికలు అవసరం. రోమ్ నగరంలో ఫోరం పక్కన, మాక్సెన్షియస్ బసిలికా అడుగున, డొమిషియన్ చక్రవర్తి కట్టించిన మిరియాల గోదాముల అవశేషాలున్నాయి, వంటింటి డబ్బాలో రోజూ చూసే సరుకు కోసం అంత దూరం పోనక్కరలేదు గనుక వాటిని చూడకుండా ముందుకు నడవాలి. నేపుల్స్ మ్యూజియంలో 1938లో పాంపేయి నగర శిథిలాలలో దొరికిన ఒక దంతపు బొమ్మ ఉంది. పాంపేయి అంటే క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతపు బూడిద కింద కప్పబడిన పట్టణం, భారతదేశం డబ్బు లాగేస్తున్నదని వాపోయిన ప్లినీ ప్రాణాలు తీసింది కూడా ఆ విస్ఫోటనమే. బొమ్మ మాత్రం భారతదేశంలో తయారైంది. దానికి దగ్గరి పోలికలున్న స్త్రీమూర్తులు శాతవాహనుల రాజ్యంలోని తేర్, భోకర్దన్ ఊళ్లలో దొరికాయి, అందులో తేర్ నేటి ధారాశివ్ జిల్లాలో ఉంది. రుద్రారం ముందు నుంచి పోయే బొంబాయి హైవే ఆ జిల్లా మీదుగానే సాగుతుంది గనుక, ఈ బొమ్మ ముందు నిలబడిన యాత్రికుడు విమానం ఖర్చు లెక్క వేసుకోకూడదు.