పసుపు తీగ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: పాల్కురికి సోమనాథుణ్ణి, బమ్మెర పోతనను తమవారిగా చెప్పుకునే జనగామ జిల్లాలో టీవీ తీగల మీద పద్యం లేకపోవడం లోటని తలచి, వ్యాఖ్యాత తానే మూలం రాసి తానే టీక చెబుతున్నాడు.

మూలం (ఆటవెలది):

పసుపు తీగ తీసి పక్కఁబెట్టుము, నల్ల
తీగ గుచ్చు, సాగదీత యొకటె,
పదును తగ్గనిమ్ము, పాత బొమ్మకుఁ గొత్త
కండఁ బెట్టఁ దరమె గారడీల?

ప్రతిపదార్థం: పసుపు తీగ = ఎరుపు, తెలుపు పిన్నులు మాటను మోస్తుంటే బొమ్మను మోసేది; వెలుగునూ రంగునూ ఒక్క తీగలోనే కలిపి పంపుతుంది గనుక ఎర్రచీర అంచు పక్కకు కారుతుంది. పక్కఁబెట్టుము = పారేయకు, పాత డీవీడీకి పనికొస్తుంది. నల్ల తీగ = హెచ్‌డీఎంఐ; బొమ్మనూ మాటనూ అంకెలుగానే చేరవేసేది. సాగదీత = చిన్న బొమ్మను పెద్ద తెరకు సరిపుచ్చడం. ఒకటె = సాగదీసేది సెట్‌టాప్ డబ్బా గాని, టీవీ గాని, ఎవరో ఒకరే. పదును = షార్ప్‌నెస్. గారడీల = సెట్టింగులతో.

తాత్పర్యం: ఎస్‌డీ ఛానల్ నిండుగా వస్తే 720×576, అంటే 4,14,720 చుక్కలు. 4కె తెరకు 3840×2160, అంటే 82,94,400 కావాలి. సరిగ్గా 20 రెట్లు. వచ్చింది ఒకటి, తక్కిన పంతొమ్మిదీ యంత్రం ఊహ. తీగ మార్చితే మధ్యలో చెడేది ఆగుతుంది గాని ఎస్‌డీ హెచ్‌డీ కాదు. డబ్బాను 576 మీద ఒకసారి, 1080 మీద ఒకసారి పెట్టి, మనిషి మొహం దేనిలో బాగుంటే దానినే ఉంచాలి.

విశేషాలు: “పదును పెంచుమయ్య” అని భూపాలపల్లి పాఠాంతరం. ఛందస్సుకు సరిపోతుంది, కంటికి సరిపోదు. వార్తలు చదివే ఆమె చుట్టూ తెల్లటి గీత మొలుస్తుంది. షోరూములో ధగధగలాడే టీవీని చూసి వచ్చిన లేఖకుడి పొరపాటు కావచ్చు.

“సాగదీత” అంటే 4:3 బొమ్మను 16:9 తెర నిండా లాగడమని మానుకోట వ్యాఖ్య. అది అగ్రాహ్యం. అలా లాగితే పాత సినిమాలో బండిచక్రం కోడిగుడ్డవుతుంది. పక్కన నల్లపట్టీలు ఉండనీ, డబ్బులేం పోవు.

అలంకారం: అతిశయోక్తి. అది పద్యంలో లేదు, టీవీ అట్టపెట్టె మీద ఉంది.

నాలుగు పాదాల మూలాన్ని ఈ టీక ఇప్పటికే ఎన్ని రెట్లు సాగదీసిందో పాఠకులు లెక్కకట్టవచ్చు. “సాగదీత యొకటె” అన్నది వ్యాఖ్యాతకూ వర్తిస్తుంది గనుక, ఇంతటితో సమాప్తం.